కంకర దారికి తిరిగొచ్చిన లావు టైరు

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు తూర్పు భాగంలో ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల వరుస ఉంది. సున్నపురాతి పొరల నడుమ చెకుముకిరాయి నిండిన నేల అది. నాగలి దిగదు కాబట్టి ఎవరూ దున్నలేదు. అందుకే మనిషెత్తు గడ్డి మైదానాలు అక్కడ ఈనాటికీ మిగిలి ఉన్నాయి. అక్కడి మట్టిదారుల నిండా కూడా ఆ రాయే. పగిలిన చెకుముకి అంచుతో ఆదిమానవుడు తోలు కోశాడు, టైరు ఎంత?

2006లో ఎంపోరియా ఊరి నుంచి ఆ దారుల మీద 200 మైళ్ళ పందెం మొదలైంది. తొలి ఏడాది బయలుదేరింది 34 మంది. ఈ పని కోసమే తయారైన సైకిలంటూ అప్పటికి లేదు. కొండదారుల మౌంటెన్ బైకు బరువు, బురద పొలాల్లో గంటసేపు పందెం ఆడే సైక్లోక్రాస్ సైకిలు రోజంతా తొక్కడానికి కుదుపు. ఇలాంటి పందేల నుంచి, ఊరి బయటి దారుల మీద మనసుపడ్డ సామాన్య సైక్లిస్టుల నుంచి పుట్టిందే గ్రావెల్ బైక్, అంటే కంకర దారి సైకిలు. ఆ పందెం పేరు ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్. 2022లో ఇటలీలో ఏకంగా గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్పే జరిగింది.

ఈ సైకిలు పుట్టుక కొత్తదే గాని, దాని వెనకున్న ఆలోచన చాలా పాతది. తారు రాకముందు సైకిళ్ళు ఎక్కువగా కంకర మీదే తిరిగాయి. 1888లో బెల్ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైరు తొడిగింది ఆ కుదుపు తప్పించడానికే. (గాలి టైరుకు 1845లోనే పేటెంటు పొందిన రాబర్ట్ విలియం థామ్సన్‌ను కూడా ఇక్కడ తలుచుకోవాలి. సైకిలు ఇంకా ఎదగకముందే ఆయన టైరు వచ్చేసింది.) డన్‌లప్ ప్రయత్నానికి మరుసటి ఏడాదే ఆ మెత్తని టైర్లు గట్టి రబ్బరు టైర్లను పందెంలో ఓడించాయి.

ఫ్రాన్సులో సెంటెతియెన్ ఊరివాడు పాల్ ద వివీ, వెలోసియో అన్న కలం పేరుతో పత్రిక నడుపుతూ రెండు విషయాలకోసం జీవితాంతం వాదించాడు: మార్చుకోగల గేర్లు, లావైన మెత్తటి టైర్లు. పందేల పెద్దలకు ఆ మాట రుచించలేదు. టూర్ ద ఫ్రాన్స్‌లో గేరు మార్చే డెరైలర్‌ను 1937 దాకా అనుమతించనే లేదు. అప్పటికి వెలోసియో చనిపోయి ఏడేళ్ళు. గేర్ల వాదం అలా గెలిచింది. టైర్ల వాదం మాత్రం మరుగున పడింది. రోడ్లు నునుపెక్కాయి, సన్న టైరు గట్టిగా గాలి కొడితేనే వేగమన్న నమ్మకం పాతుకుపోయింది.

ఆ నమ్మకంలో ఎక్కడ పొరపాటుందో భౌతికశాస్త్రం చెబుతుంది. టైరు నేలను ఎంత మేర తాకాలో ప్రధానంగా తేల్చేవి రెండే: మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి. ఒకే ఒత్తిడిలో సన్న టైరూ లావు టైరూ దాదాపు ఒకే వైశాల్యంలో నేలను తాకుతాయి. కాకపోతే సన్నదాని అచ్చు పొడుగ్గా, లావుదాని అచ్చు పొట్టిగా, వెడల్పుగా పడుతుంది. అచ్చు పొట్టిదైతే టైరు తక్కువ నలుగుతుంది, వేడిగా వృథా అయ్యే శక్తీ తగ్గుతుంది. కంకర మీద ఇంకో లెక్క కలుస్తుంది. రాయి తగిలినప్పుడు గట్టి టైరు సైకిలునీ మనిషినీ కలిపి పైకి విసురుతుంది. ఆ శక్తి ముందుకు తోయడానికి తిరిగి రాదు, మన కండల్లోనే కరిగిపోతుంది. గాలి తగ్గించిన లావు టైరు ఆ రాయిని తనలో ఇముడ్చుకుని దాటిపోతుంది. రాళ్ళ దారిలో మెత్తనిదే వేగమైనది.

మరి ఇన్నేళ్ళు లావు టైరుకు అడ్డుపడిందేమిటి? నా దృష్టిలో పెద్ద దోషి బ్రేకు. రోడ్డు సైకిలు బ్రేకు టైరుకు పైనుంచి రెండు చేతులు చాచి రిమ్మును పట్టుకుంటుంది. ఆ చేతుల మధ్య లావు టైరు పట్టదు. డిస్క్ బ్రేకు ఆ పట్టును హబ్బు దగ్గరికి మార్చేసరికి రిమ్ము చుట్టూ చోటు ఖాళీ అయింది. 2010లో సైక్లోక్రాస్ పందేల్లో డిస్కులకు అనుమతి రావడంతో హ్యాండిల్ కిందికి వంగిన సైకిళ్ళలో వాటి వాడకం ఊపందుకుంది. ఇంకో లాభమూ ఉంది: ఫ్రేములో చోటుంటే ఒకే సైకిలుకు 622 మిల్లీమీటర్ల పెద్ద రిమ్ముగానీ, 584 మిల్లీమీటర్ల చిన్న రిమ్ముకు మరింత లావు టైరుగానీ వేసుకోవచ్చు. ఆ 584 పాత ఫ్రెంచి టూరింగ్ సైకిళ్ళ కొలతే.

అందుకే కొనేటప్పుడు ఫ్రేము బరువుకంటే ముందు, ఎంత లావు టైరు పడుతుందో అడగండి. సగం తారు, సగం మట్టి తొక్కేవాళ్ళకు 40 మిల్లీమీటర్లు మంచి మధ్యేమార్గం. ఫ్రేము 45 దాకా పట్టేదైతే మరీ మంచిది. టైరుకు రెండు పక్కలా నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. నల్లరేగడి నేలల్లో వానాకాలం తిరిగేవాళ్ళకు అదీ చాలదు, ఆ మన్ను ఫోర్కులో పేరుకుని చక్రాన్ని తిరగనివ్వదు. చేతిలో డబ్బు పరిమితమైతే కార్బన్ ఫ్రేముకు పెట్టే ఖర్చును మెత్తటి అల్లికగల మంచి టైర్లకు పెట్టమంటాను. తేడా మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది.

గేర్ల విషయంలో లెక్క సులువు. 40 మిల్లీమీటర్ల టైరున్న పెద్ద చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. ముందు 40 పళ్ళు, వెనక 42 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టుకు 2.1 మీటర్లు, వెనక 11 పళ్ళకు దిగితే 8 మీటర్లు. ముందు ఒకే పళ్ళచక్రం కావడంతో నిర్వహణ తేలిక. ముందు 46, 30 పళ్ళ జంట, వెనక 11 నుంచి 34 ఉంటే ఆ కొసలు 1.9, 9.2 మీటర్లు, గేర్ల మధ్య మెట్లూ చిన్నవి. సామాను కట్టుకుని ఘాట్‌రోడ్డు ఎక్కేవాళ్ళకు నేను జంటనే సూచిస్తాను.

సైకిలును మన ఒంటికి అమర్చుకునేటప్పుడు సీటు ఎత్తు ముందు సరిచూసుకోండి, తర్వాత హ్యాండిల్. రోడ్డు సైకిలు మీదకంటే అది కాస్త ఎత్తుగా, దగ్గరగా ఉంటే చేతుల మీద బరువు తగ్గి, గతుకుల్లో చక్రం చెప్పినమాట వింటుంది. కింది కొసలు బయటికి విచ్చుకున్న హ్యాండిల్ దిగుడులో పట్టు ఇస్తుంది.

ఇక గాలి. డెబ్బై కిలోల మనిషికి, ట్యూబు లేని 40 మిల్లీమీటర్ల టైర్లకు ముప్పై నుంచి ముప్పై అయిదు పి.ఎస్.ఐ. మధ్య మొదలుపెట్టవచ్చు. వెనక బరువెక్కువ కాబట్టి ఒకటి రెండు పాయింట్లు అటు పెంచాలి. రిమ్ము రాయికి ఠంగున తగిలితే గాలి మరీ తగ్గిందన్నమాట, మలుపులో టైరు పక్కకు జారినట్టుంటే కూడా అంతే. ట్యూబు వేసేవాళ్ళు కొంచెం పెంచుకోవాలి, లేకపోతే రాయికీ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి రెండుచోట్ల చిల్లు పడుతుంది. టైరు మీద, రిమ్ము మీద అచ్చేసిన గరిష్ఠాల్లో ఏది తక్కువైతే దానికి లోబడాలి. ట్యూబు లేనివాటిలో చిన్న చిల్లుల్ని పూడ్చేది లోపల పోసే రబ్బరుపాల ద్రవం. ఎండలు ముదిరిన ప్రాంతాల్లో అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి వాల్వు లోపలి భాగం తీసి, సన్నటి పుల్ల ముంచి చూసి, తడి అంటకపోతే మళ్ళీ పోయాలి.