చేపల చెరువు – నీటి పరీక్ష

సత్యవ్రతుని దోసిట చిక్కిన చేపపిల్ల కమండలంలో పట్టక, సరోవరంలో ఇమడక, తుదకు సముద్రాన్ని చేరిందని భాగవతం అష్టమస్కంధం చెబుతుంది. చేపలను పెంచేవారికీ, ఆ నీటిని పరిశీలించే శాస్త్రజ్ఞులకూ నేడు ఎదురవుతున్న ప్రశ్న కూడా ఇంచుమించు అదే. ఎంత నీటికి ఎన్ని చేపలు?

2016లో చిన్న జిల్లాలుగా విడిపోయిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో దిగువ మానేరు, కడెం వంటి జలాశయాలతో పాటు ఊరూరా చెరువులు, కుంటలు ఉన్నాయి. ఇక్కడి చేపల పెంపకం కొల్లేటి పెంపకం వంటిది కాదు. కొల్లేటిలో సరస్సు గర్భంలోనే గట్లు పోసి చెరువులు తవ్వగా, 2006లో ప్రభుత్వం వాటిని తొలగించవలసి వచ్చింది. ఉత్తర తెలంగాణలో చెరువు పూర్వం నుంచీ ఉన్నదే. పైరుకూ, పశువులకూ, చాకిరేవుకూ ఆధారమైన ఆ నీటిలోనే మత్స్యకారుల సహకార సంఘం చేపపిల్లలను వదులుతుంది. 2016–17లో రాష్ట్రప్రభుత్వం చేపపిల్లల ఉచిత పంపిణీని ఆరంభించింది. నీరు చెడితే సంఘం ఏడాది కష్టం వ్యర్థమగుటయే కాదు, ఊరి అవసరాలన్నీ దెబ్బతింటాయి.

బొచ్చె పైనీటిలోను, రోహు నడిమి నీటిలోను, మృగాల అడుగునను మేస్తాయి. వీటి ఆహారమైన ప్లవకాలు పెరగడానికి పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు. మేతగా తవుడు, నూనెగింజల చెక్క వాడతారు. ఇవి మితిమీరితే నత్రజని, భాస్వరం పేరుకొని నీరు చిక్కని ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. పచ్చని నీటిని చూచి చెరువు కళకళలాడుతున్నదని భావించడం పొరపాటు. పగలు ఎండలో ఆ సూక్ష్మ వృక్షాలు ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రి అవే దానిని పీల్చుకొంటాయి. మబ్బు పట్టిన నాడు పగటి ఉత్పత్తి తగ్గినా రాత్రి వ్యయం తగ్గదు. అందుచేత వేకువజామున చేపలు నీటిపైకి తేలి నోళ్ళు తెరచి గుటకలు వేస్తాయి. ఒక్కొక్కప్పుడు తెల్లవారేసరికి గుట్టలుగా చచ్చి తేలుతాయి.

కనుకనే పరిశోధకుడు సూర్యోదయానికి ముందే నీటి నమూనా తీయాలి. మధ్యాహ్నపు నమూనా అతనిని మోసగిస్తుంది. 1888లో వింక్లర్ రూపొందించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. సీసాలోని నీటికి మాంగనీసు సల్ఫేటును, క్షారంతో కూడిన అయొడైడును కలిపితే, ప్రాణవాయువు ఉన్నచో గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. లేకున్నచో మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గని ప్రాణవాయువు ఈ చేపలకు క్షేమం.

అయితే భాస్వరమంతా చేపల మేత నుంచే వచ్చినదని తొందరపడి తేల్చరాదు. ఎగువ వరిమళ్ళ ఎరువు కూడా వాన నీటితో చెరువులోకే చేరుతుంది. వాగు కలిసే చోట, చెరువు నడుమ, తూము దగ్గర వేర్వేరుగా నమూనాలు తీసి, చేపలు పెంచని పొరుగు చెరువుతో పోల్చితేనే నిజం తేలుతుంది.

జాతుల సంగతి మరొకటి. స్థానిక చేపలను కబళించే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రప్రభుత్వం 2000లో నిషేధించింది. మన కొర్రమీను కూడా చిన్నచేపలను తినేదే. చేపపిల్లలను పెంచే చిన్న మడుగులలో ఇటువంటి వాటిని తొలగించడానికి ఇప్పచెక్క వేయడం పాత పద్ధతి. దాని విషం రెండు మూడు వారాలలో విరిగి, మిగిలినది ఎరువవుతుంది. ఆ కొర్రమీనునే 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు! అది నీటి పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలదు. ఆ కారణంచేత తక్కిన చేపలు చచ్చిన చెరువులో కూడా అది బతికి ఉండవచ్చు. దానిని చూచి నీరు బాగున్నదని పరిశోధకుడు లెక్క వ్రాసుకోరాదు.