మీకు తెలుసా? చలికి పండే శనగ
ఉరవకొండ, విడపనకల్లు నల్లరేగడి చేలల్లో పప్పుశనగ విత్తేది వానలు వెనకపట్టాకే, అక్టోబరు, నవంబరు నెలల్లో. ఆ తర్వాత చినుకు రాలకపోయినా పైరు నిలబడుతుంది. రేగడి దాచుకున్న పదును కోసం తల్లివేరు మీటరు లోతు దాకా దిగుతుంది. చలి దీనికి మేలు. పూత మీద ఎండ ముదిరితే కాపు రాలుతుంది. అందుకే 1999లో విడుదలైన, దాదాపు వంద రోజుల్లో కోతకొచ్చే జేజీ-11 రకం రైతుకు అంత నచ్చింది.

అన్నిటికంటే వింత ఆకుల పులుపు. వాటి నూగు నుంచి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఊరతాయి. రాత్రి పైరు మీద పలుచని గుడ్డ పరిచి, పొద్దున్నే మంచుతో పాటు ఆ పులుపును పిండుకునేవారు. ఆయుర్వేదంలో అది అజీర్తికి మందు. లేత కొనలు తుంచితే పక్కకొమ్మలు గుబురుగా వస్తాయి. తుంచిన చిగురు పప్పులోకి ఎంతో రుచి!