పాత కారులలో మందగించిన వైపరు: కారణములు, చికిత్స

వాన కురియుచున్నప్పుడు కారు నడుపువానికి కన్నులెంత ముఖ్యమో, ఎదుటి యద్దమును తుడుచు వైపరును అంత ముఖ్యము. అది క్షణకాలము నిలిచినను త్రోవలో నడచు బాలుడు కానరాకపోవచ్చును. ఇప్పటి కారులలో వైపరును విద్యుత్తు నడపును. అయితే 1930 మొదలు 1950 దశకము వరకు అమెరికాలో తయారైన కారులలో పెక్కింటికి వైపరును త్రిప్పునది గాలియే. ఆ దేశమున 1903లో మేరీ ఆండర్సన్ అను స్త్రీ చేతితో త్రిప్పు వైపరునకు పేటెంటు పొందెను. పిమ్మట వచ్చిన గాలి వైపరు 1972 నాటి గ్రెమ్లిన్ కారుతో అచ్చటి కారులనుండి తొలగిపోయెను. అట్టి పాత కారులను భద్రపరచుకొన్నవారు నేటికిని ఉన్నారు. వారి వైపరులు మందగించుటకు కారణములను, వాని చికిత్సను ఇందు వివరింపనెంచితిమి.

శూన్యము వస్తువులను లాగునని లోకులందురు. శాస్త్రదృష్టితో చూచినచో శూన్యము దేనిని లాగదు. వెలుపలి గాలియే నెట్టును. సముద్రమట్టమున గాలి సుమారు 30 అంగుళముల పాదరసమును నిలుపగలదు. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు థ్రాటిలు దాదాపు మూసియుండును. అందుచే ఇంజను గాలి పీల్చుకొను మానిఫోల్డులో పీడనము తగ్గి, వెలుపలి గాలికిని దానికిని 17 మొదలు 21 అంగుళముల వరకు భేదమేర్పడును. 18 అంగుళముల భేదమనగా చదరపు అంగుళమునకు సుమారు 9 పౌనుల బలము. మానిఫోల్డునుండి ఒక గొట్టము వైపరు మోటారునకు పోవును. ఆ మోటారులో అర్ధచంద్రాకారపు గదియు, అందొక తెడ్డును ఉండును. తెడ్డునకు ఒకప్రక్క గాలి తగ్గగా రెండవప్రక్క గాలి దానిని నెట్టును. తెడ్డు కొసకు చేరగానే కవాటము తిరుగబడి ప్రక్కలు మారును. ఇట్లు తెడ్డు ఊగుటచే వైపరు ఆడును.

ఇందు సహజమైన కొరత యొకటి కలదు. మిట్ట నెక్కునప్పుడును, మరియొక బండిని దాటునప్పుడును థ్రాటిలు పూర్తిగా తెరచుకొనును, పీడనభేదము నశించును, వైపరు నిలిచిపోవును. యాక్సిలరేటరుపై కాలు కొంచెము సడలించిన అది మరల కదలును. ఇది రోగము కాదు. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగనే, తడి యద్దముపై వైపరు ఈడ్చుకొనుచు పోయినచో అది రోగము. పొడి యద్దముపై పరీక్షింపరాదు. అద్దము గీతలు పడును.

మొదట గొట్టమును చూడవలెను. వైపరు మోటారువద్ద దానిని ఊడదీసి వాక్యూము గేజి తగిలింపవలెను. మానిఫోల్డువద్ద ముల్లు సరిగా నిలిచి, ఇచ్చట తగ్గినచో గొట్టము పగిలినదని తెలియవలెను. మానిఫోల్డువద్దనే తగ్గినచో లోపము ఇంజనునందున్నది. క్రొత్త గొట్టము దళసరిదిగా నుండవలెను. పలుచని రబ్బరు గొట్టము ఒక కొసను మూసి, రెండవ కొసనుండి గాలి పీల్చిచూడుడు. దాని గోడలు అంటుకొనును. కారులోను అట్లే జరుగును.

రెండవది, మోటారునుండి కడ్డీలనుగాని తీగలనుగాని విడదీసి వైపరు చేతులను చేతితో కదపవలెను. బిగువుగా నున్నచో ఇరుసుల త్రుప్పు తుడిచి నూనె వేయవలెను. పెక్కుసార్లు దోషము ఇచ్చటనే కనబడును.

ఈ రెండును బాగుగానున్న పిమ్మటనే మోటారును అనుమానింపవలెను. తెడ్డు అంచున నుండు తోలు ఏండ్లు గడచినకొలది ఎండి ముడుచుకొనును. ఆ సందున గాలి జారును. పశువుల కాళ్ల యెముకలనుండి తీయు నీట్స్‌ఫుట్ నూనె కొన్ని చుక్కలు గొట్టపు రంధ్రమున వేసి, తెడ్డును మెల్లగా ఆడించినచో తోలు మెత్తబడును. చిక్కని గ్రీజు వేయరాదు; అది గడ్డకట్టి తెడ్డును పట్టుకొనును.

కొన్ని కారులలో మిట్టలపై వైపరు నిలువకుండుటకై పెట్రోలు పంపునకే గాలిని తోడు రెండవ గదిని చేర్చిరి. అందలి పొర చినిగినచో వైపరు మందగించుటయేకాక, ఇంజను నూనె మానిఫోల్డులోనికి పీల్చబడి కాలును. నీలిపొగ వచ్చుచు, మిట్టపై వైపరు చచ్చుబడినచో ఆ పంపును చూడవలెను.

మోటారును మార్చుటకు ముందు గొట్టమును, కడ్డీలను, తోలును ఈ వరుసనే పరీక్షించిన ధనము మిగులును. పని ముగిసిన తరువాత అద్దమును తడిపి, వైపరును ఆడించి చూచిన పిమ్మటనే వానలో బయలుదేరవలెను. మన విద్యార్థులు తరగతిలో నేర్చుకొను వాయుపీడనమే ఇచ్చట త్రోవను పోవువారి ప్రాణమును కాపాడుచున్నది.