పాత పుస్తకం... పదిలంగా పంపాలంటే!

అటక మీద ట్రంకుపెట్టెలో పాత ‘చందమామ’లు బయటపడ్డాయి. కొంటానని చెన్నై నుంచి ఒకరు డబ్బు కూడా పంపారు. ఇక పరిగి పోస్టాఫీసులో ఇచ్చేస్తే సరి అనుకుంటున్నారా? అసలు పని ఇప్పుడే మొదలైంది. పరిగికి రైలు లేదు. పార్శిల్ ముందు రోడ్డు మీదే బయల్దేరాలి. ఆ తరవాత ఎన్ని సంచులు మారుతుందో, ఎన్ని చేతులు పడుతుందో!

1947 జులైలో మొదలైన చందమామ ఇప్పుడు అచ్చులో లేదు. మూల నలిగిందని ఇంకో కాపీ పంపడానికి ఉండదు. పైగా సేకరించేవాళ్లు చూసేది కథల్ని కాదు... అట్ట, అంచులు, మూలలు. పుస్తకం లోపల ఎంత శుభ్రంగా ఉన్నా మూల విరిగితే ధర పడిపోతుంది. తాండూరు నాపరాయి సంగతి తెలిసిన ఈ ప్రాంతం వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బండ ఎంత గట్టిదైనా ముందు పోయేది మూలే కదా!

మనవాళ్లకి అలవాటైన పద్ధతి ఒకటుంది. పుస్తకాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి, పురికొసతో బిగించి కట్టడం. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ పాత పుస్తకానికి అదే శత్రువు. పురికొస అంచుల్ని కోస్తుంది. న్యూస్‌పేపరు సిరా అట్టకి అంటుతుంది. ఇక సెల్లో టేపు పుస్తకానికి తగిలిందా, ఊడదీసేటప్పుడు బొమ్మతో సహా వచ్చేస్తుంది.

ముందుగా పుస్తకాన్ని శుభ్రమైన తెల్లకాగితంలో చుట్టాలి. పైన ప్లాస్టిక్ కవరు... వానాకాలంలో ఇది తప్పనిసరి. అయితే పుస్తకం పూర్తిగా ఆరి ఉండాలి. చెమ్మతో మూసేస్తే దారిలోనే బూజు పడుతుంది. తరవాత పుస్తకం కంటే అన్ని వైపులా వేలెడంత పెద్దవైన రెండు గట్టి అట్టముక్కలు కోసి కిందా పైనా పెట్టాలి. ఒక అట్ట గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉంటే ఎటు వంచినా వంగదు. మూలల రక్షణంతా ఆ వేలెడు జాగాలోనే ఉంది. ఆపైన బుడగల కవరు చుట్టి అట్టపెట్టెలో పెట్టి, ఖాళీల్లో నలిపిన కాగితం కూరాలి. మూతేసి ఒకసారి ఊపి చూడండి. లోపల కదిలిందంటే మళ్లీ విప్పాల్సిందే. పై చిరునామా చిరిగిపోయినా ఇబ్బంది లేకుండా పెట్టెలోనూ ఒక చీటీ వేయండి.

పంపడం ఎలాగంటే... చవగ్గా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఆగిపోయింది. 2025 మే 1న తపాలాశాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ తెచ్చింది. మొదలైనప్పుడు 300 గ్రాములకు 20 రూపాయలు, అయిదు కిలోలకు 100 (పన్ను అదనం). కానీ అది పుస్తకాలకే, పత్రికలకు కాదు. కాబట్టి పాత నవలలకి పనికొస్తుంది, చందమామకి కాదు. దానికి స్పీడ్ పోస్టో, పార్శిలో చూసుకోవాలి. ఖరీదైన సంచిక అయితే బీమా గురించి కౌంటర్లోనే అడగండి.

ప్యాక్ చేసేముందు అట్టకి, నాలుగు మూలలకి ఫొటోలు తీసి కొన్నవారికి పంపితే తరవాత పేచీ ఉండదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఇంకో మాట కూడా రాయండి... ‘బ్లేడుతో లోతుగా కోయవద్దు’ అని!