కొన్న వస్తువునకు తాళమెవరిది?

అంగడిలో పుస్తకమును కొన్నవాడు దానిని ఇంటికి తెచ్చుకొని చదువుకొనును. చదివిన పిమ్మట మిత్రునకు ఎరువిచ్చును. అవసరమైనచో పాత పుస్తకముల దుకాణమున అమ్ముకొనును. ముప్పది యేండ్లు గడచిన పిదప మనుమడు అటక మీదినుండి దానిని దింపి, దుమ్ము దులిపి చదువుకొన్నను అడ్డు చెప్పువాడు లేడు. అచ్చువేసిన సంస్థ మూతపడినను పుస్తకములోని అక్షరములు మాసిపోవు. ‘కొనుట’ అను మాటకు లోకములో ఇంతకాలము చెల్లిన అర్థము ఇదియే. కంప్యూటరు ఆటల వర్తకమున ఈ అర్థము గడచిన నలుబది సంవత్సరములలో క్రమక్రమముగా మారిపోయినది. ఆ మార్పు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట ఆటలాడువారికే గాక, పుస్తకములు చదువువారికిని, పాఠములు చెప్పువారికిని అవసరము.

మొదట ఆటలను తయారుచేయువారి పక్షము వినవలెను. ఒక వీడియో ఆటను సిద్ధపరచుటకు చిత్రకారులు, సంగీతజ్ఞులు, కథకులు, ప్రోగ్రాము రచయితలు ఏండ్ల తరబడి శ్రమింతురు. అట్లు సిద్ధమైన ఆటకు నకలు తీయుటకు మాత్రము నిమిషములు చాలును. నూరవ నకలు సయితము మొదటి ప్రతివలెనే ఉండును. 1976 ఫిబ్రవరిలో, అప్పటికి ఇరువది యేండ్ల యువకుడైన బిల్ గేట్స్ కంప్యూటరు ఔత్సాహికుల నుద్దేశించి ఒక బహిరంగ లేఖ వ్రాసెను. తమ బేసిక్ ప్రోగ్రామును వాడుకొనువారిలో అధికులు వెల చెల్లింపలేదనియు, శ్రమకు ప్రతిఫలము లేనిచో మంచి ప్రోగ్రాములను వ్రాయుటకు ఎవరు పూనుకొందురనియు ఆతడు ప్రశ్నించెను. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. చిక్కంతయు దానికి వర్తకులు వెదకిన సమాధానములో ఉన్నది. కొన్నవానికిని దొంగిలించినవానికిని భేదము తెలిసికొనుట ఎట్లు? ఈ చింత నుండియే తాళములు పుట్టినవి.

తొలినాటి తాళములు కొంత వినోదముగనే ఉండెను. 1980 దశకమున బ్రిటనులో ‘లెన్స్‌లాక్’ అను చిన్న ప్లాస్టికు పరికరము కొన్ని ఆటలతో వచ్చెడిది. తెరమీద అక్షరములు ముక్కలు ముక్కలుగా చెదరి కనబడును. ఆ పరికరమును అడ్డుపెట్టుకొని చూచినచో అవి ఒకటిగా కూడి చదువ వీలగును. ఆ అక్షరములను టైపు చేసినగాని ఆట ప్రారంభము కాదు. టెలివిజను తెర మరీ పెద్దదైనను, మరీ చిన్నదైనను ఆ పరికరము పనిచేయదు. ‘ఎలీట్’ అను ప్రసిద్ధమైన ఆట స్పెక్ట్రమ్ కంప్యూటరుకు వచ్చినప్పుడు, కొన్ని పెట్టెలలో వేరొక ఆటకు చెందిన పరికరము చేరుటచే, వెల యిచ్చి కొన్నవారు ఆటలోనికి పోలేక గుమ్మము కడనే నిలిచిపోయిరి. 1990లో వెలువడిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్’ అను ఆటతో రెండు అట్టచక్రములు ఇచ్చిరి. వాటిని త్రిప్పి, తెరమీద కనబడిన ఓడదొంగ ముఖమును కూర్చి, వానిని ఏ సంవత్సరమున ఉరితీసిరో చెప్పవలెను. పిల్లలకు అదియు ఒక ఆటయే. అయినను అట్టచక్రము పోయినచో, పెట్టెడు ఫ్లాపీలు ఉండియు లేనట్లే.

సీడీలు వచ్చిన పిదప తాళములు కంటికి కనబడనివైనవి. ‘సేఫ్‌డిస్క్’, ‘సెక్యురామ్’, ‘స్టార్‌ఫోర్స్’ అను పేర్లతో వచ్చిన రక్షణలు డిస్కు అసలైనదో కాదో కనిపెట్టుటకై కంప్యూటరు లోతులలోనికి చొచ్చుకొని పోయెడివి. కొన్నవానికి ఆ సంగతి చెప్పువారు అరుదు. కాలక్రమమున సేఫ్‌డిస్క్ వలన కంప్యూటరు భద్రతకే ముప్పు కలదని తేలినది. 2015లో మైక్రోసాఫ్టు కంపెనీ తన విండోస్ 10లో దానికి చోటీయలేదు. ఆ నిర్ణయము సమంజసమైనదే. కాని దాని ఫలితముగా, ఆ తాళముతో అమ్ముడుపోయిన పాత ఆటలనేకము కొత్త కంప్యూటరులలో తెరచుకొనుట మానినవి. దొంగనకలులో తాళము ముందే ఊడదీయబడియుండుటచే దానికి ఏ ఆటంకమును లేకపోయెను. అసలు డిస్కును పదిలముగా దాచుకొన్నవాడే నష్టపోయెను. కంచె చేను మేసినదనుట ఇట్టిదానినే.

ఇంతలో వర్తకపు తీరే మారిపోయినది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమునందలి బెల్‌వ్యూ నగరమున గల వాల్వ్ కంపెనీ 2003 సెప్టెంబరులో ‘స్టీమ్’ అను దుకాణమును ఇంటర్నెట్టు మీద తెరచినది. మొదట అది తమ ఆటలకు సవరణలు పంపు సాధనము మాత్రమే. 2004 నవంబరులో ‘హాఫ్‌లైఫ్ 2’ వెలువడినప్పుడు, డిస్కును అంగడిలో కొన్నవారు కూడ స్టీమ్‌లో పేరు నమోదుచేసికొనినగాని ఆడజాలరని నియమము పెట్టిరి. తొలినాడు లక్షలాది జనులు ఒక్కుమ్మడిగా రాగా సర్వరులు ఆ తాకిడికి తట్టుకొనలేకపోయినవి. చేతిలో డిస్కు పట్టుకొని, ఆ కంపెనీ అనుమతికై ఎదురుచూచుట కొన్నవారికి వింతగను, కోపకారణముగను ఉండెను.

అయినను, అదే స్టీమ్ నేడు కంప్యూటరు ఆటలకు అన్నిటికంటె పెద్ద దుకాణము. ద్వేషించినవారే దానిని ఏల ఆదరించిరి? డిస్కు గీతలుపడునను భయము లేదు. కంప్యూటరు మార్చినను, కొన్న ఆటలన్నియు తిరిగి దింపుకొనవచ్చును. సవరణలు వాటంతట అవియే వచ్చును. పండుగ దినములలో ధరలు మిక్కిలి తగ్గును. దొంగనకళ్ళకు మూలము ధర కంటె సేవాలోపమేయని వాల్వ్ అధిపతి గేబ్ న్యూయెల్ 2011లో వాదించెను. రష్యాలో వర్తకము చేయుట వృథాయని అందరును చెప్పుచుండగా, అచట నకలు తీయువారు ఆటలను అసలు ప్రచురణకర్తలకన్న ముందుగా రష్యను భాషలో అందించుచున్నారని ఆతడు గమనించెను. లోపము గ్రహించి సరిచేయగా, రష్యా తమకు ఐరోపాలోని పెద్ద విపణులలో ఒకటైనదని తెలిపెను.

ఈ పాఠమును అందరును నేర్చుకొనలేదు. 2008 సెప్టెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ‘స్పోర్’ అను ఆటను విడుదలచేసినది. ఏకకణ జీవి నుండి నక్షత్రయానము వరకు జీవపరిణామమును ఆటగా చూపిన రచన అది. కొన్నవాడు దానిని మూడు పర్యాయములకు మించి కంప్యూటరులో స్థాపింపరాదని తాళము వేసిరి. అమెజాన్ దుకాణమున రెండువేలకు పైగా జనులు ఒక్క నక్షత్రము మాత్రమే ఇచ్చి నిరసన తెలిపిరి. తాళము లేని దొంగనకలు విడుదలకు ముందే వ్యాపించినది. ఆ సంవత్సరము అత్యధికముగా నకలైన ఆటగా అది పేరుపడినది. తుదకు డిసెంబరులో ఆ కంపెనీయే సెక్యురామ్ తాళము లేని ప్రతిని స్టీమ్‌లో అమ్మకమునకు పెట్టినది.

2010లో యూబీసాఫ్ట్ కంపెనీ మరియొక అడుగు ముందునకు వేసినది. ‘అసాసిన్స్ క్రీడ్ 2’ను ఒంటరిగా ఆడుకొనువాడు సయితము ఆడునంతసేపు ఇంటర్నెట్టుతో సంబంధము కలిగియుండవలెనని నియమించినది. ఆ మార్చిలోనే దుండగులు సర్వరులపై దాడి చేయగా, వెల చెల్లించినవారి ఆటలు నిలిచిపోయినవి. 2013 మార్చిలో నగర నిర్మాణము నేర్పు ‘సిమ్‌సిటీ’కిని అదే గతి పట్టినది. సర్వరులు చాలక కొన్నవారు దినముల తరబడి పడిగాపులు పడిరి. సర్వరుతో నిమిత్తము లేక ఆడుకొను ఏర్పాటు ఏడాదికి గాని రాలేదు. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొన్నట్లు, దొంగల భయమున కంపెనీలు తమ ఖాతాదారులనే దూరముచేసికొనినవి.

దీనికి భిన్నమైన మార్గము పోలెండులో కనిపించినది. 1994లో మార్చిన్ ఇవిన్‌స్కీ, మీహావ్ కిచిన్‌స్కీ అను ఇరువురు బడినాటి మిత్రులు సీడీ ప్రాజెక్ట్ అను సంస్థను స్థాపించిరి. అప్పటికి వార్సా నగరపు సంతలలో ఆటల దొంగనకళ్ళు కూరగాయలవలె అమ్ముడుపోవుచుండెను. కంప్యూటరు ప్రోగ్రాములకు రక్షణ కల్పించు చట్టము ఆ దేశమున ఆ యేడే వచ్చినది. తాళముతో పోటీ గెలువలేమని ఆ మిత్రులు గ్రహించిరి. 1999లో ‘బాల్డర్స్ గేట్’ అను ఆటను తెచ్చినపుడు, పేరుపొందిన నటులచేత పోలిష్ భాషలో సంభాషణలు చెప్పించి, పెట్టెలో పటము, పుస్తకము, సంగీతపు డిస్కు చేర్చి అమ్మిరి. సంతలోని నకలులో ఇవి యేవియు దొరకవు. జనులు వెల యిచ్చి కొనిరి.

ఆ సంస్థయే 2008లో ‘గాగ్’ అను ఇంటర్నెట్టు దుకాణము తెరచి, పాత ఆటలను కొత్త కంప్యూటరులకు తగినట్లు సరిచేసి, ఏ తాళమును లేకుండ అమ్మసాగెను. 2011 మేలో తమ సొంత ఆటయైన ‘ది విచర్ 2’ విడుదలైనపుడు ఒక పరీక్షవంటిది జరిగినది. గాగ్‌లో తాళము లేని ప్రతి. అంగళ్ళలో తాళము గల డిస్కు. తాళము లేని ప్రతియే ముందుగా దొంగలపాలగునని వర్తకలోకము తలచెను. తాళము గల డిస్కు నుండియే మొదటి దొంగనకలు వచ్చినదని ఆ సంస్థవారే పిదప తెలిపిరి. నెల తిరుగక మునుపే డిస్కుల తాళమును కూడ తీసివేసిరి. అట్లని ఆ సంస్థయు నిర్దోషి కాదు. అదే యేడు జర్మనీలో నకలు తీసినవారని అనుమానించి అనేకులకు వకీళ్ళచేత పరిహారపు నోటీసులు పంపించినది. నిరపరాధులకు ఆపద రాగలదని జనులు ఆక్షేపింపగా, 2012 జనవరిలో ఆ పద్ధతి విడిచినది. 2015లో వచ్చిన ‘ది విచర్ 3’ గాగ్‌లో తొలినాడే తాళము లేక లభించినను, అన్ని యంత్రములపై కలిపి దాని విక్రయము 2023 నాటికి అయిదుకోట్ల ప్రతులు దాటినది. తాళము లేకపోవుటయే ఇందులకు కారణమనుట అతిశయోక్తి. కాని తాళము లేకున్న వర్తకము మునుగునను వాదమునకు ఇది గట్టి ప్రత్యుత్తరము.

దింపుకొను వర్తకములో తాళము కంటె లోతైన ప్రశ్న యొకటి కలదు. వెల యిచ్చినవాడు పొందునది వస్తువా, లేక అనుమతి మాత్రమా? 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, విక్రేతకు హక్కు లేదను కారణముచే, జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని పాఠకుల కిండిల్ యంత్రములనుండి వారికి తెలియకుండ తొలగించెను. వెల తిరిగి యిచ్చినది. పిదప క్షమాపణయు చెప్పినది. కాని బడికొరకు ఆ నవలను చదువుచు గమనికలు వ్రాసికొనిన మిచిగాన్ విద్యార్థి యొకనికి, మూలము పోగా, ఆ గమనికలు నిరర్థకములైనవి. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ ‘ది క్రూ’ అను ఆట సర్వరులను మూసివేయగా, దానిని కొన్నవారెవరును ఒంటరిగానైనను ఆడ వీలులేకపోయినది. దానిపై రాస్ స్కాట్ ప్రారంభించిన ఉద్యమమునకు మద్దతుగా ఐరోపా పౌరుల అర్జీపై 2025 జూలై నాటికి పదిలక్షలకు పైగా సంతకములు చేరినవి. అమ్మునది లైసెన్సు మాత్రమేయైనచో ఆ సంగతి కొనువానికి స్పష్టముగా చెప్పవలెనను కాలిఫోర్నియా చట్టము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

నష్టము కొన్నవారితో ఆగదు. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించినది. తాళపత్రములు చెదలుపాలగుట మన దేశము ఎరిగిన విషాదమే. అయినను ఒక పల్లెలో చెడిన గ్రంథము మరియొక పల్లెలో దొరకినది. నకలు వ్రాసికొనినవారి పుణ్యముననే ప్రాచీన కావ్యములనేకము నిలిచినవి. ఆటల విషయమున నకలే నేరమైనపుడు, కంపెనీతోపాటు కృతియు అంతరించును. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టము, న్యాయముగా పొందిన ప్రోగ్రామునకు, నష్టమునుండి రక్షణకై అదనపు ప్రతి తీసికొనుటను అనుమతించుచున్నది. 2012లో చేర్చిన 65ఎ విభాగము, హక్కులను భంగపరచు ఉద్దేశముతో తాళమును ఛేదించినవానికి రెండేండ్లవరకు శిక్ష విధించుచున్నది. ఉద్దేశమును బట్టి నేరమును నిర్ణయించుట వివేకమే.

రచయితకు కూలి దక్కవలెను. ఇందులో సందేహము లేదు. విద్యార్థి దొంగనకలును దింపుకొనుట, తాళము ఎంత చెడ్డదైనను, ఒప్పు కాజాలదు. అదే న్యాయమున, వెల పుచ్చుకొన్నవాడు సరకును అప్పగింపవలెను. అద్దెకిచ్చినచో అద్దెయని చెప్పవలెను. దుకాణము కట్టివేయునాడు, కొన్నవారు తమంతట తాము ఆడుకొనునట్లు ఆటను విడిచిపోవలెను. గ్రంథాలయములకు ఒక ప్రతి దాచుకొను హక్కు ఈయవలెను. నేడు పాఠ్యపుస్తకములును, నిఘంటువులును, పాటలును ఇదే త్రోవన ఇండ్లకు వచ్చుచున్నవి. తరగతిలో ఒక పుస్తకమును తెర మీద తెరచునప్పుడు, వచ్చే యేడు ఇది ఇచటనే ఉండునా, లేదని చెప్పు అధికారము ఎవరిది అని ఉపాధ్యాయుడు ఒక్కమారు విచారించుట మంచిది.