ఆపత్కాలంలో ఆరాధనా స్వేచ్ఛ

మతవిశ్వాసం మనిషి అంతరంగానికి చెందినది. ఆరాధన మాత్రం తరచుగా పదిమందితో కలిసి చేసేది. జుమా నమాజుకు జమాతు కావాలి. తిరునాళ్లకు జనం కావాలి. ఆదివారపు ప్రార్థనకు సంఘం కావాలి. అంటువ్యాధి ప్రబలినప్పుడు ప్రమాదహేతువయ్యేది కూడా ఈ కలయికే. అట్టి వేళ ప్రార్థనా సమావేశాలను నిలిపివేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నదా? ఉన్నచో దానికి మేర ఎక్కడ? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి మన ప్రాంతపు అనుభవమే చాలు.

కరోనా వ్యాధి వ్యాపిస్తున్న కారణంగా 2020 మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనం నిలిపివేయబడింది. అర్చకులు నిత్యపూజలను ఏకాంతంగా కొనసాగించారు. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ప్రార్థనా స్థలాలన్నిటినీ ప్రజలకు మూసివేసింది. మత సమావేశాలకు ఎట్టి మినహాయింపూ ఇవ్వలేదు. అంత్యక్రియలకు ఇరవైమందికి మించి చేరరాదన్నది. ఆ ఏడాది రంజాను మాసంలో తరావీహ్ నమాజులు ఇండ్లలోనే జరిగాయి. మే 25న పండుగనాడు ఈద్గాలు బోసిపోయాయి. జూన్ 8 నుండి ప్రార్థనా స్థలాలు తెరవడానికి అనుమతి లభించింది. తిరుమలలో మొదటి మూడు దినాలు సిబ్బందితోను, స్థానికులతోను ప్రయోగాత్మకంగా దర్శనం నడిపి, 11వ తేదీ నుండి సామాన్య భక్తులను అనుమతించారు. సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలు సైతం మాడవీథుల ఊరేగింపు లేకుండా ఆలయం లోపలనే జరిగాయి.

ఈ ఆంక్షలకు ఆధారమేమిటి? మన రాజ్యాంగంలోని 25వ అధికరణం మతస్వేచ్ఛను ప్రసాదిస్తూనే, అది ప్రజాశాంతికి, నైతికతకు, ప్రజారోగ్యానికి లోబడి ఉండాలని స్పష్టంగా చెప్పింది. బొంబాయిలో ప్లేగు చెలరేగిన తరుణంలో చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రభుత్వానికి ఆచరణలో అధికారమిచ్చాయి.

ఇక్కడ ఒక భేదాన్ని విద్యార్థులు గమనించవలసి ఉన్నది. 2020లో వచ్చినది ఆరోగ్య విపత్తు; 1975లో వలె 352వ అధికరణం క్రింద ప్రకటించిన అత్యయిక పరిస్థితి కాదు. కనుక ప్రాథమిక హక్కులు నిలిచే ఉన్నాయి. హక్కు నిలిచి ఉన్నంతకాలం దానిపై విధించే ప్రతి ఆంక్షకూ ప్రభుత్వం కారణం చూపవలసిందే. సుప్రీంకోర్టు 2016లో మోడరన్ డెంటల్ కళాశాల వ్యాజ్యంలో ఇందుకు కొలబద్దలు చెప్పింది. ఆశయం న్యాయమైనదై ఉండాలి. అనుసరించిన మార్గం ఆ ఆశయాన్ని నెరవేర్చేదై ఉండాలి. అంతకన్న తేలికైన మార్గం లేకపోవాలి. కలిగే మేలుకు, హక్కుకు జరిగే నష్టానికి పొంతన ఉండాలి.

2020 జూన్ 18న పూరీ రథయాత్రను నిలిపివేసిన సుప్రీంకోర్టు, నాలుగు దినాల తరువాత కఠినమైన షరతులతో అనుమతించింది. ఆగస్టు 27న మొహర్రం ఊరేగింపులకు అనుమతి నిరాకరించింది. పూరీ ఒక స్థలానికి పరిమితమైన ఉత్సవమనీ, దేశవ్యాప్తంగా ఊరేగింపులకు అనుమతిస్తే ప్రమాదాన్ని అంచనా వేయజాలమనీ, వ్యాధి వ్యాపించిందని ఒక వర్గంపై నింద పడవచ్చుననీ వివరించింది.

నింద గురించిన ఆ భయం నిరాధారం కాదు. ఆ ఏడాది మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన తబ్లీగీ సమావేశం అనంతరం వ్యాధి వ్యాప్తి నేరాన్ని కొందరు సమాజం మొత్తానికి అంటగట్టారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం, సమావేశానికి వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లు కనబడుతున్నదని వ్యాఖ్యానించింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, రెండవ విడత వ్యాధి విజృంభిస్తున్నప్పుడే, హరిద్వార్ కుంభమేళాలో లక్షలాది జనం స్నానాలు చేశారు. జనసమ్మర్దం ఎవరిదైనా ప్రమాదమే. నియమం ఒకరికి కఠినమై మరొకరికి సడలితే, సడలింపు వల్ల ఆరోగ్యానికీ, పక్షపాతం వల్ల చట్టగౌరవానికీ హాని కలుగుతుంది. అమెరికాలోను 2020 నవంబరు 25న అక్కడి సుప్రీంకోర్టు, అంగళ్లకు లేని సంఖ్యా పరిమితిని ప్రార్థనాలయాలకు విధించిన న్యూయార్కు ఆదేశాన్ని నిలిపివేసింది.

ఆంక్షను పాటించడం విశ్వాసలోపమని కొందరు భావించారు. చరిత్ర అట్లు చెప్పదు. క్రీ.శ. 639 ప్రాంతంలో సిరియాకు బయలుదేరిన ఖలీఫా హజ్రత్ ఉమర్, అక్కడ ప్లేగు ఉన్నదని విని సర్గ్ అనే చోటు నుండి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా ప్రశ్నించగా, ఒక విధి నుండి మరొక విధికే మరలుతున్నామని బదులిచ్చారు. వ్యాధి ఉన్న నేలకు వెళ్లవద్దనీ, ఉన్నచోటు నుండి పారిపోవద్దనీ ప్రవక్తవారు బోధించినట్లు అప్పుడే ఒక సహచరుడు తెలిపారు. 2020లో హజ్ యాత్ర సుమారు వేయిమందికి పరిమితమైనది కూడా ఈ వివేకంతోనే.

కనుక విద్యార్థి మిత్రులారా, ఇటువంటి ఉత్తర్వు మరల వచ్చినప్పుడు దానిని ధిక్కరించనూ వద్దు, గుడ్డిగా తలయూపనూ వద్దు. ఏ చట్టం క్రింద వచ్చింది, ఎంతకాలానికి, అందరికీ సమానంగా వర్తిస్తున్నదా, అవసరం తీరిన వెంటనే తొలగిందా అని అడగడం నేర్చుకోండి. పొరుగువాని ప్రాణం కాపాడడం ధర్మం; న్యాయం సమానంగా ఉండాలని కోరడం పౌరధర్మం. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు.