734 గజాలు విసిరినా ఓటమే.. క్వార్టర్‌బ్యాక్ ఆటను ఎలా లెక్కేయాలి?

అమెరికాలో చదివే మన పిల్లలు కాలేజీ ఫుట్‌బాల్ ముచ్చట్లు చెబితే ఇంట్లో సగం మందికి అర్థం కాదు. అది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు మరి. అక్కడ బంతిని చేత్తో విసురుతారు, ఆ విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్.

2016 అక్టోబర్ 22న లబ్బక్‌లో టెక్సాస్ టెక్ కుర్రాడు ప్యాట్రిక్ మహోమ్స్ ఒక్క మ్యాచ్‌లో 734 గజాలు సాధించి రికార్డును సమం చేశాడు. అయినా ఓక్లహోమా 66-59తో గెలిచింది. అవతలి క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్‌వి 545 గజాలే.

మరి ఎవరు బాగా ఆడినట్టు? ఎన్నిసార్లు విసిరారో చూడండి. మహోమ్స్ 88, మేఫీల్డ్ 36. అంటే త్రోకు ఒకరికి 8.3 గజాలు, ఇంకొకరికి 15.1. క్రికెట్‌లో పరుగుల పక్కన బంతులు చూడమా, ఇదీ అంతే.

టెక్‌ది 'ఎయిర్ రెయిడ్' పద్ధతి. ఎప్పుడూ పాసులే, కాబట్టి గజాలు వాటంతటవే పెరుగుతాయి. 2003లో అదే జట్టుకు బి.జె. సైమన్స్ 719 త్రోలతో 5,833 గజాలు తెచ్చాడు, కానీ 22 సార్లు బంతిని ప్రత్యర్థులు పట్టేశారు. ప్రొఫెషనల్ జట్లు అతన్ని ఏడో రౌండ్‌దాకా తీసుకోలేదు. పైగా పొట్టి పాస్ అందుకున్నవాడు 40 గజాలు పరిగెత్తినా ఆ లెక్క విసిరినవాడి ఖాతాలోకే వెళుతుంది.

అలాగని సగటుతోనూ అంతా తేలదు. 66 పాయింట్లు ఇచ్చింది టెక్ డిఫెన్స్, మహోమ్స్ కాదు. ఆ సీజన్‌లో జట్టు 5 గెలిచి 7 ఓడినా, 2017లో కాన్సస్ సిటీ అతన్ని పదో ఆటగాడిగా ఎంచుకుంది.